దుప్పటికి అవతలి మూల

దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు కావాలి. ఒక్కరే పెట్టుకోలేరని కాదు. నేనిప్పుడు ఒక్కదాన్నే పెట్టుకుంటున్నాను, ఒక అంచు గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బార్లా చాపి. కానీ సాఫీగా రాదు. మా అక్క ఉన్నన్నాళ్ళూ తను అటు రెండు మూలలూ నేను ఇటు రెండు మూలలూ పట్టుకుని, ఒక్క దులుపు దులిపి, ఒకరికొకరం ఎదురు నడిచేవాళ్ళం. "నీ వైపు లాగవే, వంకరపోతోంది" అనేది తను. "నా వైపు బాగానే ఉంది, నువ్వే వదిలేస్తున్నావు" అనేదాన్ని నేను. ఇద్దరు పట్టుకున్న గుడ్డ వంకరపోతే తప్పెవరిదో ఆ గుడ్డకి కూడా తెలియదు. ఇంట్లో అది నవ్వులాట. అక్క పనిచేసిన చోట అది నవ్వులాట కాలేదు.

బావ పోయాక అక్క మా ఇంటికి వచ్చేసింది. తనకి పిల్లలు లేరు. వచ్చిన కొన్నాళ్ళకే, "ఊరికే కూర్చుని తింటుంటే ముద్ద దిగడం లేదే" అని, పెద్దాసుపత్రి వెనకున్న లాండ్రీలో పనికి కుదిరింది. మా ఆయన వద్దన్నారు.

"మా ఇంట్లో మీరు తినేదెంత వదినా, మేం పెట్టేదెంత?"

"ఆ కాస్తేగా మరిదీ, అది నేనే తెచ్చుకుంటాను" అంది అక్క.

ఆ లాండ్రీకి నేను ఒకటి రెండుసార్లు వెళ్ళాను, అక్క మర్చిపోయిన భోజనం డబ్బా ఇవ్వడానికి. గుమ్మం దగ్గరే ఆవిరి మొహాన కొట్టింది. రోగుల మంచాల మీది దుప్పట్లు, దిండు గలేబులు, వాళ్ళు తొడుక్కునే గౌన్లు అన్నీ అక్కడికే వస్తాయి. ఒక పక్క ఉతుకుతారు, ఒక పక్క పిండుతారు. తడి దుప్పట్లు మాత్రం ఇస్త్రీ రోలరు దగ్గరికి వస్తాయి. గది అడ్డంగా అంత పొడుగున ఉంటుంది అది, వేడివేడిగా తిరుగుతూ. ఇవతల ఇద్దరు నిలబడి చెరో మూల పట్టుకుని, బిగించి, అంచు తిన్నగా దాని నోటికి అందించాలి. అవతల ఇద్దరు పొగలు కక్కుతూ వచ్చినదాన్ని అందుకుని మడతపెట్టాలి. ఇవతల ఒకరి చెయ్యి కాస్త వదులైనా దుప్పటి ముడతలు పడి వస్తుంది, మళ్ళీ తడపాలి, మళ్ళీ పెట్టాలి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడే పని. ఆ మోతలో మాట్లాడితే వినపడదు, అరుచుకోవాలి. అక్క ఇంటికి వచ్చాక కూడా ఓ గంటసేపు అరుస్తూనే మాట్లాడేది. "చెవిటి సంబంధం చేసుకున్నట్టుంది మీ అక్కతో" అనేవారు మా ఆయన.

అక్కడ చేరిన మొదటి రోజే తన గురించి తీర్పు అయిపోయింది. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళని వరసగా నిలబెట్టి సూపర్వైజరమ్మ పని చెబుతోందట. ఇంతలో ఎవరో తడిబట్టల తోపుడుబండిని గోడకి గుద్దారు. బండి పడిపోయింది, ఉతికిన దుప్పట్లన్నీ నేలపాలయ్యాయి. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. గుద్దినవాళ్ళని వదిలేసి ఎదురుగా ఉన్న కొత్తవాళ్ళని అందుకుంది. మీరూ రేపు ఇదే చేస్తారు, మీకూ కళ్ళు నెత్తిమీదే ఉంటాయి, అంటూ. అందరూ తలలు దించుకున్నారు. మా అక్క మటుకు నవ్వింది.

మా అక్కకి భయమేస్తే మొహాన నవ్వు వస్తుంది. చిన్నప్పటినుంచీ అంతే. నాన్న బెత్తం తీస్తే నేను ముందే ఏడ్చేసి తప్పించుకునేదాన్ని, తను నవ్వి నా వాటా దెబ్బలు కూడా తినేది. "పళ్ళికిలిస్తావేం" అని ఇంకో రెండు పడేవి. బావ పోయిన కబురు తెచ్చినతని ముందు కూడా తన పెదాలు అలాగే సాగాయి. పాపం అతను బిత్తరపోయి, వినపడలేదేమోనని కబురు మళ్ళీ చెప్పాడు. అది నవ్వు కాదు. కొందరికి అరచేతులు చెమర్చినట్టు తనకి మొహం అలా అవుతుంది. తెలిసినవాళ్ళం పక్కన ఉండి చెబితే తప్ప ఎవరికి తెలుస్తుంది?

"ఏమ్మా, సినిమా చూస్తున్నావా?" అందట సూపర్వైజరమ్మ.

"లేదు మేడమ్" అంది అక్క. ఇంకా భయమేసింది. నవ్వు ఇంకాస్త సాగింది.

"నేనేం చెబుతున్నానో వినపడుతోందా? లేకపోతే నా మొహంలో ఏదైనా తమాషా కనపడుతోందా?"

"లేదు మేడమ్."

"సరే నవ్వులమ్మా. ఎన్నాళ్ళు నవ్వుతావో నేనూ చూస్తాను."

అంతే. ఆ రోజునుంచీ అక్కడ తన పేరు నవ్వులమ్మ. పొగరుబోతు, పెద్దంతరం చిన్నంతరం లేని మనిషి, పనంటే లెక్కలేని మనిషి, ఇవన్నీ ఆ ఒక్క పేరులో మూటకట్టి ఉండేవి. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అక్క ఇదంతా చెబితే మేం పడీపడీ నవ్వాం. పది రోజులు పోతే ఆవిడే తెలుసుకుంటుందిలే అనుకున్నాం.

అదే రోజు ఇంకొకావిడకీ పేరు పడింది. మాసిన బట్టలు విడదీస్తుంటే ఆవిడ చేతికి గలేబులోంచి ఒక ఉంగరం దొరికిందట. "ఇదెవరిదర్రా" అని గది దద్దరిల్లేలా అరిచింది. బంగారం. ఎవరో రోగిది. సూపర్వైజరమ్మ ఆవిడ భుజం తట్టి, పెద్దాఫీసుకి తీసుకెళ్ళి మరీ చూపించింది. ఆవిడ ఉంగరమ్మ అయిపోయింది. తర్వాత తర్వాత మాకు దగ్గరయ్యాక ఉంగరమ్మే చెప్పింది: "నేను ఇత్తడనుకున్నాను తల్లీ. బంగారమని తెలిసుంటే ఒక్క నిమిషం ఆలోచించేదాన్నే." ఆమెకి దాపరికం లేదు. భారీ మనిషి, నోరు పెద్దది, మనసూ పెద్దదే.

వాళ్ళిద్దరినీ రోలరుకి ఇవతల జంటగా పెట్టారు. ఏళ్ళ తరబడి ఒక మూల అక్క, ఒక మూల ఉంగరమ్మ. ఎప్పుడు దుప్పటి ముడతపడి వచ్చినా సూపర్వైజరమ్మ ఒకటే మాట. "నవ్వులమ్మా, నీ మూల." కొన్నిసార్లు నిజంగా అక్క మూలే. కొన్నిసార్లు ఉంగరమ్మది. ఎక్కువసార్లు ఎవరిదో వాళ్ళకే తెలిసేది కాదు. ఒకసారి ఉంగరమ్మకి ఉండబట్టక, "మేడమ్, ఇది నేనే వదిలేశాను" అంది.

"నువ్వు వెనకేసుకురాకు. నీ మంచితనమే దాన్ని చెడగొడుతోంది" అంది ఆవిడ.

మరి ఇంకోసారి అక్కకి జ్వరమొచ్చి ఇంట్లో పడుకుంది. అక్క మూల ఇంకెవరో పట్టుకున్నారు. దుప్పటి ముడతపడింది. సూపర్వైజరమ్మ గుమ్మం దగ్గర ఎవరితోనో మాట్లాడుతూ, తల తిప్పకుండానే, "నవ్వులమ్మా, నీ మూల చూసుకో" అని కేకేసిందట. గదంతా ఒక్క క్షణం ఆగి, గొల్లుమంది.

"ఆవిడ ఇవాళ రాలేదు మేడమ్" అన్నారెవరో.

ఆవిడ తడుముకోలేదు. "రాకపోతే ఏం, మీ అందరికీ అలవాటు చేసి పోయింది" అంది.

ఆ సాయంత్రం ఉంగరమ్మ మా ఇంటికి వచ్చి ఇది చెబుతూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. అక్క కూడా దుప్పటి ముసుగులోంచి నవ్వింది. మామూలు నవ్వు. తర్వాత గోడవైపు తిరిగి పడుకుని, "లేకపోయినా నేనే అన్నమాట" అంది.

సూపర్వైజరమ్మ చెడ్డది కాదు. అక్క కాలికి దెబ్బతగిలినప్పుడు తనే డాక్టరు దగ్గరికి పంపింది. ఎవరింట్లో చావైనా ముందు ఆవిడే వచ్చేది. అంతమంది మనుషులు, అన్ని బట్టలు, పైనుంచి చీవాట్లు. ఒక్కొక్కరి గురించి ఒకసారి ఒక ఆలోచన చేసి పెట్టేసుకుంది, మళ్ళీ విప్పి చూసే తీరిక లేదు. మనమూ అంతే కదా. కూరగాయల బండతను ఒక్కసారి పుచ్చులు కలిపి ఇస్తే, ఆ తర్వాత ఎంత లేతవి తెచ్చినా తిరగేసి తిరగేసి చూస్తాం. ఇంకో బండతను మొదటి రోజు గుప్పెడు కొసరు వేస్తే, అతని పుచ్చులు మన కంటికి ఆనవు. కాకపోతే ఆ మొదటి బండతనికి ఇంకో వీధి ఉంటుంది. మా అక్కకి ఇంకో రోలరు లేదు.

నిలబడీ నిలబడీ తన కాళ్ళు పాడయ్యాయి. పిక్కల మీద నరాలు తాళ్ళలాగా ఉబ్బాయి. సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టేవి కావు. ఇంటికి రాగానే గోడకి కాళ్ళు చేరవేసి, నేల మీద వెల్లకిలా పడుకునేది. నేను నూనె రాసేదాన్ని. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది. డాక్టరు నిలబడే పని మానెయ్యమన్నాడు. "మానేసి?" అంది అక్క. అతను చీటీ రాసి ఇచ్చి, తర్వాతి మనిషిని పిలిచాడు.

లాండ్రీలో ఒక కుట్టు గది ఉంది. చిరిగిన దుప్పట్లకి మాసికలు వేసేది, ఊడిన అంచులు కుట్టేది అక్కడే. ఒక కుట్టుమిషను, ఒక కుర్చీ, ఒక కిటికీ. అక్కడ ఎప్పటినుంచో పనిచేస్తున్న ముసలావిడ చూపు ఆనక మానేస్తోందని తెలిసింది. అక్కకి కుట్టు వచ్చు. గొప్పగా కాదు, మా ఇంట్లో బట్టలన్నీ కుట్టేంత వచ్చు. ఆ కుర్చీ దొరికితే పనిలో ఉంటుంది, లేకపోతే మానేయాల్సిందే. మానేస్తే మా ఇంట్లో కూర్చోవాలి. మాకేం బరువు కాదు. కానీ తనకి అది బరువు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

ఎవరిని పంపాలో పెద్దాఫీసువాళ్ళు సూపర్వైజరమ్మనే చెప్పమన్నారు. కావాలన్నవాళ్ళు ఆవిడ గదికి వెళ్ళి అడుక్కోవాలి.

"నవ్వకుండా అడగండి వదినా. ఆ ఒక్క పూటా నవ్వకుండా ఉంటే చాలు" అన్నారు మా ఆయన.

"నా చేతుల్లో ఉంటే ఇన్నాళ్ళు ఎందుకు నవ్వుతాను?"

"అలవాటు చేద్దాం. నేను సూపర్వైజరమ్మని. మీరు లోపలికి రండి."

మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నారు. అక్క వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"ఏమ్మా నవ్వులమ్మా, ఏం కావాలి?"

"కుట్టు గదిలోకి..."

"కుట్టా? నీకా? దుప్పటి మూల పట్టుకోవడమే చేతకాదు, నీకు సూది ఇస్తే..." అని ఆయన ఆగిపోయారు. "నా వల్ల కావడం లేదే, నువ్వు తిట్టు మీ అక్కని" అన్నారు నాతో. జన్మలో ఎవరినీ తిట్టి ఎరగరు ఆయన. నేను మొదలుపెట్టాను. నాకు బాగానే వచ్చింది, అక్క ఆశ్చర్యపోయింది. "ఇవన్నీ ఎప్పటినుంచి దాచుకున్నావే?" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. కానీ సాయంత్రాలు అలా చేయగా చేయగా అక్కకి ఒక ఉపాయం దొరికింది. లోపలి బుగ్గ పళ్ళతో పట్టుకుని, కళ్ళు నేల మీద ఒక చోట నిలిపితే పెదాలు కదలడం లేదు. మొహం బండరాయిలా ఉంటోంది. అదే బాగుందనుకున్నాం.

అడిగిన రోజు అక్క ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే కూర్చుంది.

"నవ్వలేదే" అంది. "అస్సలు నవ్వలేదు. బుగ్గ లోపల రక్తం వచ్చింది."

"మరి?"

"నా మొహం చూసి ఆవిడ అంది కదా, ఏంటమ్మా మొహం గంటుపెట్టుకుని వచ్చావు, నీకు నేనేదో బాకీ ఉన్నట్టు, అంది. అడిగేటప్పుడైనా కాస్త మొహం ప్రసన్నంగా పెట్టుకోవాలి, ఆ పొగరు తగ్గించుకో, అంది. ఇన్నాళ్ళూ నవ్వినందుకు పొగరు, ఇప్పుడు నవ్వనందుకు పొగరు."

మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"పోనీ కాళ్ళ సంగతి చెప్పావా?" అన్నాను.

"చెప్పాను. అందరికీ కాళ్ళున్నాయమ్మా, అంది."

కొద్ది రోజులకి ఉంగరమ్మ వచ్చింది. మామూలుగా వీధి మొదట్లోంచే ఆమె గొంతు వినపడేది. ఆ రోజు చప్పుడు లేకుండా వచ్చి పీట మీద కూర్చుంది.

"నాకిచ్చింది అక్కా ఆ కుర్చీ. నేను అడగనైనా లేదు" అంది అక్కతో. "నాకొద్దు, నవ్వులమ్మకివ్వండి, కాళ్ళు బాగాలేవు అన్నాను. ఏమందో తెలుసా? చూశావా, నీ చేత చెప్పించుకుంటోంది, ఎంత గడుసుదో, అంది. నేను రేపు వెళ్ళి ఖచ్చితంగా వద్దని చెప్పేస్తాను."

"వద్దంటే నాకిస్తుందా?"

ఉంగరమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"ఇంకెవరికో ఇస్తుంది. నీకు మాత్రం మోకాళ్ళు లేవా? వెళ్ళి కూర్చో" అంది అక్క. "కానీ ఒకటి. ఆ మిషను మీద నీ కుట్టు చూస్తే రోగులు పారిపోతారు. ఆదివారాలు ఇక్కడికి రా, మాసిక వెయ్యడం చూపిస్తాను."

నిజంగానే వచ్చేది. మా వసారాలో కూర్చుని ఇద్దరూ పాత గుడ్డల మీద మాసికలు వేసేవారు. ఉంగరమ్మ కుట్టు పాములా పాకేది. అక్క విప్పి మళ్ళీ వేయించేది. నేను టీ ఇచ్చి, అటూ ఇటూ తిరుగుతూ వినేదాన్ని. అక్కలో కోపం ఉందేమోనని వెతికాను. అలసట ఉంది. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి.

రోలరు దగ్గర పని సాగింది. ఉంగరమ్మ మూలకి ఇంకొకావిడ వచ్చింది, ముడతలు పడ్డాయి, "నీ మూల" అన్న మాట మారలేదు. చీలమండ దగ్గర పుండు పడి మానకుండా ఉండిపోయింది. అక్క కట్టు కట్టుకుని వెళ్ళేది. ఇంటినుంచి లాండ్రీకి నడవడానికి అందరికీ పట్టే దానికి రెండింతలు పట్టేది, మధ్యలో అరుగుల మీద, దుకాణాల మెట్ల మీద కూర్చుంటూ వెళ్ళాలి. అందుకని చీకటి విడవకముందే బయల్దేరేది. నొప్పి ఏ రోజు ఎంతుంటుందో తెలియదు కాబట్టి దాదాపు రోజూ ముందే చేరిపోయి, తాళం తీసేదాకా బయట బల్ల మీద కూర్చునేది.

సూపర్వైజరమ్మ రిటైరైంది. ఆవిడ వెళ్ళేరోజు అందరూ ఏడ్చారు, అక్క కూడా. మరి ఆ ఏడుపులో అక్క మొహం ఎలా ఉందో, ఆవిడేమనుకుందో తెలియదు. ఆవిడ చోటులోకి ఒకాయన వచ్చారు. కళ్ళజోడు, చేతిలో ఎప్పుడూ ఒక మంచినీళ్ళ సీసా. వచ్చిన మొదటి రోజు అందరికంటే ముందు రావాలని పెందలాడే వచ్చారట. వచ్చేసరికి బల్ల మీద మా అక్క కూర్చుని ఉంది. కొత్త అధికారిని చూసి గబుక్కున లేచింది. భయమేసింది. నవ్వింది.

"మీరు రోజూ ఇంత ముందే వస్తారా?" అన్నారట ఆయన.

"అవును సార్" అంది అక్క. అబద్ధం కాదు కదా.

ఆ రోజు మధ్యాహ్నం అందరినీ పిలిచి, "పనంటే ప్రేమ ఉన్నవాళ్ళు ఎలా ఉంటారో నేను పొద్దున్నే చూశాను. తాళం తీయకముందే వచ్చి కూర్చున్నారు. మొహాన చిరునవ్వుతో పలకరించారు" అన్నారు ఆయన. అందరూ ఎవరా అని అటూ ఇటూ చూశారు. ఆయన అక్కని చూపించారు. ఎవరో దగ్గారు. ఉంగరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుందట.

చిరిగిన దుప్పట్లు పారేయకుండా బాగుచేయించాలని ఆయన పట్టుదల. కుట్టు గదిలో ఇంకో మిషను, ఇంకో కుర్చీ వేయించారు. అందులోకి ఎవరు అని ఎవరినీ అడగలేదు. అక్క కుట్టు చూడలేదు. "మీరు వెళ్ళండమ్మా" అన్నారు.

ఆ కబురు అక్క ఇంటికి తెచ్చినప్పుడు నేను ఎగిరి గంతేయబోయాను. మా ఆయన, "ఇన్నాళ్ళకి మీ విలువ తెలిసిందన్నమాట" అన్నారు.

అక్క కట్టు విప్పుకుంటోంది. "ఏం తెలిసింది మరిదీ? నేను బల్ల మీద కనపడ్డాను, అంతే. కాలునొప్పితో ముందొచ్చి కూలబడిన దాన్ని చూసి పనంటే ప్రేమ అనుకున్నాడు. ఆవిడకి నేను కనపడలేదు, ఈయనకీ కనపడలేదు. ఆవిడ తిట్టింది, ఈయన మెచ్చుకున్నాడు, అదే తేడా."

"పోనీలెండి. కుర్చీ అయితే వచ్చింది కదా."

"వచ్చింది. ఇంకా ముందు రావాల్సింది" అని, కాళ్ళు గోడకి చేరవేసి, కళ్ళు మూసుకుంది.

కుర్చీలో కూర్చున్న ఆ కొద్దికాలం తను బాగానే ఉంది. వాపు తగ్గింది. పుండు ఎండుముఖం పట్టింది. ఇంటికి వచ్చాక అరవడం మానేసింది, నెమ్మదిగా మాట్లాడేది, మా ఇల్లు కొత్తగా అనిపించేది. ఒక మధ్యాహ్నం, కుట్టు గదిలోనే, ఆయాసం వచ్చింది. పక్కనే ఆసుపత్రి. ఎత్తుకుని పరిగెత్తారు. కాలి నరంలోంచి రక్తపు గడ్డ కదిలి ఊపిరితిత్తులకి అడ్డం పడిందన్నారు. నేను వెళ్ళేసరికి అయిపోయింది. తను పడుకున్న మంచం మీది దుప్పటికి మాసిక ఉంది. అది అక్క వేసిందో ఉంగరమ్మ వేసిందో నాకు తెలియలేదు.

కొన్నాళ్ళు పోయాక ఆ కొత్తాయన పరామర్శకి వచ్చారు. ఉంగరమ్మ దారి చూపిస్తూ వెంట వచ్చింది. ఆయన కుర్చీ అంచున కూర్చుని, నీళ్ళ సీసా కాళ్ళ దగ్గర పెట్టుకున్నారు.

"అలాంటి మనిషిని నేను ఇంతవరకూ చూడలేదమ్మా. ఒక్క రోజు ఆలస్యం లేదు. అందరికంటే ముందు. ఎప్పుడూ నవ్వుతూ. ఒక్క తప్పు కుట్టు లేదు" అన్నారు.

నాకు వినాలనే ఉంది. అయినా మనసు ఒప్పుకోలేదు. "కాళ్ళు నొప్పి సార్. నడవడానికి ఎక్కువసేపు పట్టేది. అందుకని ముందే బయల్దేరేది" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అంత నొప్పిలో కూడా ముందే వచ్చేదంటే చూడండి" అన్నారు.

మా ఆయన నా వైపు చూశారు. నేను లేచి టీ తెచ్చాను. టీ తాగి, దణ్ణం పెట్టి, ఆయన వెళ్ళిపోయారు. మంచాయనే.

ఉంగరమ్మ ఉండిపోయింది. వంటింట్లోకి వచ్చి, అడగకుండానే కప్పులు కడగడం మొదలుపెట్టింది. నేను ఒక్కొక్కటీ అందుకుని తుడిచాను.

"ఆయన అన్నది నిజమేనా?" అన్నాను. "ఒక్క తప్పు కుట్టు లేదా?"

"ఎందుకు లేదు, బోలెడున్నాయి" అంది ఉంగరమ్మ.

నేను గుడ్డతో తుడుస్తున్న కప్పు పక్కన పెట్టేశాను.

"పని ఎలా చేసేది మా అక్క? నువ్వు చూశావు కదా. ఇన్నేళ్ళూ పక్కనే ఉన్నావు. నాకు తను ఇంటికొచ్చాకే తెలుసు."

ఉంగరమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని, గట్టుకి ఆనుకుని ఆలోచించింది. తొందరపడలేదు.

"మామూలుగా చేసేది తల్లీ. మనందరిలాగే. గలేబులంటే ఇష్టం, చకచకా తోసేది. పెద్ద చిరుగులంటే బద్ధకం. అలాంటిది చేతికొస్తే దొంతరకి అడుగున పెట్టేసేది, రేపు నాకొస్తుందని. వచ్చేది కూడా. అన్నం తిన్నాక దుప్పట్ల మీద తలపెట్టి ఓ కునుకు తీసేది, నేను గుమ్మం వైపు చూస్తుండాలి. మాసిక మటుకు గట్టిగా వేసేది, పీకినా రాదు. అందం ఉండదు దాంట్లో, గట్టితనం ఉంటుంది. ఇంక దారం చిక్కుపడిందంటే దేవుడే దిక్కు. మిషనుని బూతులు తిట్టేది."

"మా అక్కా?"

"మీ అక్కే. ఇంట్లో వినలేదా ఎప్పుడూ?"

"లేదు" అన్నాను. నిజంగానే వినలేదు. "ఏమని తిట్టేది?"

ఉంగరమ్మ వెనక్కి తిరిగి, మా ఆయన వసారాలో ఉన్నారో లేదో చూసి, గొంతు తగ్గించి చెప్పింది.